బొగ్గు వడపోతను బోరు దగ్గర కాదు, బావి దగ్గర పెట్టండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

పత్తి కట్టెను కాల్చి చేసిన బొగ్గుతో తాగునీటిని శుద్ధి చేసుకోవచ్చునంటూ మీ పత్రిక వ్యవసాయ పుటలో ఈ మధ్య వచ్చిన వ్యాసాన్ని మా ఊళ్లో చాలామంది చదివారు. చదువురాని పెద్దలకు టీ కొట్టు దగ్గర చదివి వినిపించినవారూ ఉన్నారు. మాది మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా, రాజురా తాలూకా. నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో ఇవతలికి వచ్చిన ప్రాంతం కనుక, మా పిల్లలు బడిలో మరాఠీ చదివినా ఇళ్లలో తెలుగే నడుస్తుంది. తెలుగు పత్రిక ఒక పూట ఆలస్యంగానైనా మాకు చేరుతుంది. అలా చేరిన పత్రికలోని మాటకు మా దగ్గర విలువ ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా రాయక తప్పడం లేదు.

ఆ వ్యాసంలో చెప్పిన వాటిలో ఎక్కువ భాగం సరైనదే. నీటి వాసన, రంగు, కొన్ని రకాల పురుగుమందుల అవశేషాలు, సీసం వంటి కొన్ని లోహాలు బొగ్గుకు పట్టుకుంటాయన్నది నిజం. అయితే ఆ వరుసలోనే, పెద్ద విశేషమేమీ కాదన్నట్టుగా, ఫ్లోరైడ్‌ను కూడా చేర్చారు. ఫ్లోరైడ్ బాధ లేని జిల్లాలో ఆ ఒక్క మాట పొరపాటున పడినా పెద్ద నష్టం ఉండదు. చంద్రాపూర్, యవత్‌మాళ్, నాందేడ్ జిల్లాలు అలాంటివి కావు. ఇక్కడ బోరు నీటిలో ఫ్లోరైడ్ హద్దు మీరిన ఊళ్లు అనేకం ఉన్నాయి. ఆ మాటను నమ్మి బోరింగు నోటికి బొగ్గు డ్రమ్ము తగిలించుకున్నవారు, ఇక నీళ్లు బాగుపడ్డాయనుకుని, అంతకుముందు మనసులో ఉన్న కాస్త అనుమానాన్ని కూడా వదిలేస్తారు. అలా వదిలేసిన ఊరిని నేను చూశాను.

నేను శాస్త్రవేత్తను కాను. ఒక జూనియర్ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో 31 ఏళ్లు సహాయకుడిగా గాజుసామాను కడిగి, ద్రావణాలు కలిపి, పదవీ విరమణ తరువాత ఐదెకరాల పత్తి చేను చూసుకుంటున్నవాణ్ణి. బొగ్గు మీద నాకు కోపం ఏమీ లేదు. నిరుడు ఎండలు ముదరకముందే నా చేతులతో మూడు డ్రమ్ముల కట్టెను బొగ్గు చేయబోయి రెండింటిలో నెగ్గాను.

పత్తి ఏరడం అయిపోయాక కట్టెను పీకి, గట్టున కుప్ప వేసి నిప్పు పెట్టడం మా అందరికీ అలవాటు. గులాబీ రంగు పురుగు ఎండిన కాయల్లోనూ కట్టెలోనూ దాగి మరుసటి పంటకు అందుకుంటుంది కనుక కట్టెను చేలో నిలవ ఉంచవద్దని వ్యవసాయ శాఖవారూ చెబుతారు. ఎటూ తగలబడిపోయే ఆ కట్టెను బొగ్గుగా దింపడానికి హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అందరూ క్రిడా అని పిలిచేది, ఇనుప డ్రమ్ముతో తయారయ్యే చిన్న కొలిమిని రూపొందించింది. డ్రమ్ము అడుగున రంధ్రాలు, పైన మూత, అంతకు మించి ఏమీ లేదు. కట్టె అంటుకుని, దట్టమైన తెల్లపొగ పలచబడి, నీలి ఛాయ తిరిగే సమయానికి పైన మూత వేసి, అంచులూ అడుగు రంధ్రాలూ మట్టితో మెత్తేయాలి. ఆ అదను తప్పితే డ్రమ్ములో బొగ్గుకు బదులు బూడిద మిగులుతుంది. నాకు మొదటిసారి బూడిదే మిగిలింది. మా ఆవిడ దాన్ని అంట్లు తోమడానికి వాడుకుంది. సరిగా దిగితే ఎండు కట్టె బరువులో సుమారు నాలుగో వంతు బొగ్గు వస్తుంది.

బయోచార్ అని ఏ పేరు పెట్టినా, గాలి చాలని చోట, 350 నుంచి 700 డిగ్రీల వేడిలో కాలిన మొక్క బొగ్గే అది. కట్టెలోని ఆవిరులూ వాయువులూ బయటికి పోయిన చోటల్లా కంటికి కనిపించని సన్నని గుల్లలు మిగులుతాయి. ఆ గుల్లల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము బొగ్గు కూడా ఒక పెద్ద గది నేలను కప్పేస్తుంది. నీటిలో ఇష్టం లేకుండా కరిగి ఉన్న పదార్థాలు, అంటే నూనె గుణం ఉన్న పురుగుమందులు, రంగులు, కుళ్లిన ఆకుల వాసన కలిగించేవి, ఆ గోడలను ఆసరా చేసుకుని అక్కడే అంటుకుంటాయి. నీటిలో బాగా కరిగే మందులు అంత సులువుగా అంటుకోవు. బొగ్గు జల్లెడలా అడ్డుపడి ఆపుతుందని చాలామంది అనుకుంటారు గాని, అది ఆపేది అడ్డుపడి కాదు, అంటించుకుని. ఈ తేడా తెలిస్తే ఏది పోతుందో, ఏది పోదో చాలావరకు ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

నా బొగ్గును బాగా కడిగి, జొన్నగింజంత పలుకులుగా కొట్టి, పొడిని జల్లించి పారబోసి, పాత గాజు గొట్టంలో మూరెడు ఎత్తున నింపాను. నీలి సిరా చుక్కలు కలిపిన నీళ్లను పైనుంచి నెమ్మదిగా వదిలితే కింద దాదాపు రంగు లేని నీళ్లు దిగాయి. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరువాత అదే గొట్టంలో మా ఊరి బోరింగు నీళ్లు వదిలి, బొగ్గు గుండా పోకముందు ఒక గొట్టంలోకి, పోయిన తరువాత ఇంకో గొట్టంలోకి పట్టి ఫ్లోరైడ్ పరీక్ష చేశాను. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఆ పరీక్ష ద్రావణం ఫ్లోరైడ్ లేని నీటిలో గులాబీ ఎరుపుగా నిలుస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు విరిగి పసుపులోకి జారుతుంది. వెనుక తెల్లకాగితం పెట్టి రెండు గొట్టాలనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే రెండింటిలోనూ ఒకే పసుపు. రంగుల పట్టీతో సరిచూస్తే రెండూ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గీతకు పైనే. ఈసారి చప్పట్లు కొట్టినవారెవరూ లేరు.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా సరిపెట్టుకోవాలి. బొగ్గు ఈ ఫ్లోరైడ్‌ను ఎందుకు పట్టుకోలేదంటే, ఫ్లోరైడ్ రుణవిద్యుత్ ఉన్న అతి చిన్న అయాను. చుట్టూ నీటి అణువులను గట్టిగా కప్పుకుని, నీటిని వదిలి రావడానికి ఇష్టపడనిది. మా బోరు నీళ్లు క్షారగుణం ఉన్నవి. అసలు కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న అలాంటి నీటిలోకే రాతిలోని ఫ్లోరైడ్ ఎక్కువగా దిగుతుంది. ఆ క్షారపు నీటిలో మామూలు మొక్క బొగ్గు పైపొర కూడా రుణవిద్యుత్‌నే తెచ్చుకుంటుంది. రెండూ ఒకే జాతి విద్యుత్తు కనుక ఒకదాన్ని ఒకటి దూరంగా నెట్టుకుంటాయి. బొగ్గులో బూడిద మిగిలి ఉంటే అది నీటి క్షారతను ఇంకాస్త పెంచి, ఉన్న కొద్దిపాటి ఆశను కూడా తీసేస్తుంది.

వ్యాస రచయిత ఈ మాటను గాలిలోంచి తెచ్చి ఉండరని నాకు తెలుసు. బొగ్గుతో ఫ్లోరైడ్ తొలగించామని చెప్పే పరిశోధన పత్రాలు నిజంగానే ఉన్నాయి. వాటిని ఓపికగా చదివితే తేలేది ఏమిటంటే, చాలావాటిలో బొగ్గుకు అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియం, జిర్కోనియం, లాంథనం లవణాలలో ఏదో ఒకటి పట్టించి వాడారు. లేదా పరీక్ష నీటిని నిమ్మరసమంత పుల్లగా మార్చి చూశారు. లేదా స్వేదన జలంలో ఫ్లోరైడ్ ఒక్కటే కలిపి, పోటీకి బైకార్బొనేట్, ఫాస్ఫేట్ వంటివేవీ లేకుండా కొలిచారు. పరిశోధనకు అవన్నీ అవసరమే. లవణం పట్టించిన బొగ్గు రేపు నిజంగా పనికిరావచ్చు. అయితే మా చేనిగట్టున డ్రమ్ములో దింపిన కట్టెబొగ్గుకూ దానికీ మధ్య ఉన్న దూరం, మట్టికీ కుండకూ మధ్య ఉన్నంత. ఆ తేడా రాయకుండా "బొగ్గుతో ఫ్లోరైడ్ పోతుంది" అని రాస్తే చదివినవారు మట్టిలోనే నీళ్లు పోసుకుంటారు.

జంతువుల ఎముకల బొగ్గు మాత్రం ఫ్లోరైడ్‌ను బాగా పట్టుకుంటుంది, అందులోని కాల్షియం ఫాస్ఫేట్ వల్ల. కెన్యా, టాంజానియాలలో వాడారు కూడా. మన వైపు ఎముకల బొగ్గు గుండా దిగిన నీళ్లు ఎంతమంది తాగుతారో నేను చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం కలిపి కలియబెట్టి, తేర్చి, పైనీటిని వంచుకునే నల్లగొండ పద్ధతిని రూపొందించిన జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, మాకు దగ్గరలోని నాగపూర్‌లోనే ఉంది. రోజూ సరైన మోతాదు వేసి, అడుగున మిగిలిన మడ్డిని దూరంగా పారబోసే ఓపిక ఉన్న చోట అది పనిచేస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినా అనే అల్యూమినియం ఆక్సైడ్ పలుకులు, ఆర్‌ఓ కూడా పనిచేస్తాయి, చూసుకునేవారు ఉన్నంతకాలం.

నేను చూశానని పైన చెప్పిన ఊరి సంగతి ఇప్పుడు రాస్తాను. రెండేళ్ల కిందట మా పొరుగూరిలో ఒక సేవా సంస్థవారు, పేరు ఇక్కడ అనవసరం, బడి పక్కనున్న బోరింగుకు రెండు నీలి డ్రమ్ములు బిగించారు. మొదటి దాంట్లో కంకర, ఇసుక, రెండోదాంట్లో బొగ్గు. ఆ బోరింగు నీళ్లు మొదటినుంచీ చిలుము వాసన కొట్టేవి, కాసేపు నిలిస్తే బిందె అడుగున ఎర్రటి పొర కట్టేది. డ్రమ్ములు పెట్టాక ఆ ఇనుము ఇసుకలో ఆగిపోయింది, వాసన పోయింది, నీళ్లు అద్దంలా తేటపడ్డాయి. డ్రమ్ము మీద "శుద్ధ జలం" అని మూడు భాషల్లో రాశారు. అంతవరకు వారానికి రెండు రోజులైనా తాలూకా ఊరినుంచి ఐదు రూపాయల క్యాన్ తెచ్చుకునే ఇళ్లవారు అది మానేశారు. నేను పరీక్ష పెట్టె పట్టుకుని వెళితే, ఆ పక్కింటి పెద్దమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చి, "నీళ్లు తియ్యగున్నయ్ గద తమ్మీ, ఇంకేం చూస్తవ్" అంది. ఆమె మనవరాలికి ఏడేళ్లుంటాయి. అప్పుడే వచ్చిన ముందు పళ్ల మీద సుద్దముక్కతో అడ్డంగా గీసినట్టు తెల్లటి చారలు. పరీక్ష గొట్టంలో మళ్లీ అదే పసుపు.

పిల్లల శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసు పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా. ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ చేసిన మచ్చ తరువాత ఎన్ని మంచినీళ్లు తాగినా పోదు. ఇంకా ఎక్కువ మోతాదులో, ఇంకా ఎక్కువ ఏళ్లు తాగినవారికి మోకాళ్లూ వెన్నూ బిగిసిపోవడం మన తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. అందుచేత ఆ డ్రమ్ములు చేసిన హాని ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే: నీటిలో ఫ్లోరైడ్‌ను అవి పెంచలేదు, కానీ ఆ నీటిని తాగే రోజులను పెంచాయి.

ఇక బొగ్గు నిజంగా పనికొచ్చే చోటు ఏదన్నది. మా తాలూకాలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక పాత చేదబావి ఉంది. మా నాన్నల కాలం వరకు ఊరంతా ఆ నీళ్లే తాగింది. కలరా వల్ల, నారికురుపు వల్ల, బావుల్లోకి దిగి నీళ్లు ముంచుకోవడం మాన్పించడానికి ప్రభుత్వాలు ఊరూరా బోర్లు వేయించాయి. అది సరైన పనే. దేశంలో నారికురుపు చివరి కేసు 1996లో నమోదై, 2000లో మన దేశం ఆ వ్యాధి నుంచి విముక్తమైందంటే బోర్ల పాత్ర కూడా అందులో ఉంది. అయితే రోగక్రిములు లేని నీటికోసం రాతి లోతుల్లోకి వెళ్లి, ఏళ్ల తరబడి ఆ రాతిని ఒరుసుకుని నిలిచిన నీటిని పైకి తెచ్చుకున్నాము. పైపొరల్లో ఉండే బావి నీరు ఏటా వానతో మారుతుంది. రాతితో దాని సావాసం తక్కువ. అందువల్ల సాధారణంగా అందులో ఫ్లోరైడ్ కూడా తక్కువ. అన్ని బావులూ అంతే అనను. మా ఊరి బావి నీటికి మాత్రం అదే పరీక్ష చేస్తే గొట్టంలో గులాబీ రంగు చెక్కుచెదరకుండా నిలిచింది.

ఆ బావి నీళ్లు ఇప్పుడెవరూ ఎందుకు తాగరంటే, కారణాలు బలమైనవే. ఆకులు రాలి కుళ్లుతాయి. పావురాలు గూళ్లు కట్టాయి. తొలకరికి చేల మీది నీరు ఒరలోకి దిగుతుంది. అన్నిటికంటే, పత్తికి మందు కొట్టేవారు పంపులు నింపుకునేదీ కడుక్కునేదీ ఆ గట్టు మీదే. 2017 వానాకాలం పంటలో మా పక్క యవత్‌మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయిన తరువాత కూడా ఈ అలవాటు పెద్దగా మారలేదు. అంటే బావి నీటిలో ఉన్న జబ్బులు వాసన, రంగు, మురికి, పురుగుమందు, క్రిములు. ఈ అయిదింటిలో మొదటి నాలుగు ఇసుకకూ బొగ్గుకూ చాలావరకు లొంగేవి, అయిదోది బ్లీచింగ్‌కు లొంగేది. బోరు నీటిలో ఉన్న జబ్బు ఈ మూడింటిలో దేనికీ లొంగదు. కనుక కట్టెబొగ్గును మోసుకెళ్లి బోరింగు దగ్గర పెట్టడమంటే, కంటి మందును మోకాలికి రాయడమే. దాన్ని పాత బావి దగ్గర పెట్టి, ఆ బావి నీటిని మళ్లీ తాగదగినదిగా చేసుకుంటే, ఫ్లోరైడ్‌ను తొలగించే పని లేకుండానే ఫ్లోరైడ్ నుంచి బయటపడతాము. మీ వ్యాసం చెప్పవలసింది చెప్పకుండా వదిలేసింది ఇదేనని నా అభిప్రాయం.

ఆ పని చేసే పద్ధతి గురించి కూడా కొంత రాయాలి, ఎందుకంటే బడి పుస్తకంలోని మూడు కుండల బొమ్మ చూసి చేస్తే సరిపోదు. ఉత్తర థాయ్‌లాండ్ పల్లెల్లో 200 లీటర్ల డ్రమ్ములతో ఇలాంటి వడపోతలు కట్టుకున్నారు. వరస అక్కడా ఇదే: కంకర, ఇసుక, చివరికి బొగ్గు. ఇసుక ముందుండాలి, లేకపోతే మురికి బొగ్గు గుల్లలను పూడ్చేస్తుంది. నీరు బొగ్గులో ఎంతసేపు నిలుస్తుందన్నదే అసలు విషయం. నగరాల శుద్ధి కేంద్రాల్లో ఆవిరితోనో రసాయనాలతోనో గుల్లలు పెంచిన యాక్టివేటెడ్ కార్బన్‌కే పది ఇరవై నిమిషాల సమయం ఇస్తారు. చేలో దించిన బొగ్గుకు అంతకు మించి ఇవ్వాలి, అంటే కుళాయి సన్నటి ధారగా పారాలి. బిందె నిండే వేగం చూసి విసుగొచ్చి కుళాయి పెంచిన రోజున వడపోత పేరుకే మిగులుతుంది.

బొగ్గు బాగా కాలిందై ఉండాలి. సగం కాలి, పొగలోని తారు మళ్లీ దానిమీదే పేరుకున్న బొగ్గులో క్యాన్సర్ కారకాలైన పదార్థాలు ఉండవచ్చు. చేతికి జిగటగా తగిలినా, పొగ వాసన వదలకపోయినా దాన్ని నీటికి వాడకూడదు. రంగు వేసిన కలప, ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చిన బొగ్గు అసలే పనికిరాదు. ఇంకో మాట, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయాలి: మా వైపు పల్లెల్లో చవకగా దొరికే డ్రమ్ములు చాలావరకు పురుగుమందులవో, రసాయనాలవో. మందును తీయడానికి పెట్టిన వడపోతనే మందు డ్రమ్ములో కట్టినవారిని నేను ఎరుగుదును.

క్లోరిన్ విషయంలో వరస తప్పితే ఇంకో ప్రమాదం. మా పంచాయతీల్లో టీసీఎల్ అని పిలిచే బ్లీచింగ్ పొడిని బావిలో వేసి, ఆ నీటిని బొగ్గులోకి పంపితే, బొగ్గు ముందుగా తినేసేది ఆ క్లోరిన్‌నే. అప్పుడు బొగ్గు శక్తి వృథా అవుతుంది, బయటికి వచ్చే నీటికి రక్షణ ఉండదు, పైపెచ్చు ఆ తేమ గుల్లల్లో క్రిములు హాయిగా కాపురం పెడతాయి. కనుక వడపోసిన తరువాత, నిలవ ట్యాంకులో క్లోరిన్ వేసి, అరగంట ఆగి తాగాలి. బొగ్గుకు ఆయుష్షు కూడా ఉంటుంది. నిండిపోయిన బొగ్గు నీటి రంగును మార్చి మనకు కబురు చేయదు. ఊరకే అంటించుకోవడం మానేస్తుంది. కనుక నీటిని బట్టి గడువు పెట్టుకుని, గడువు రాగానే మార్చేయాలి. యాక్టివేటెడ్ కార్బన్ కొనవలసినవారు మార్చడానికి వెనకాడతారు గాని, ఏటా కట్టె తగలబెట్టే ఊరికి ఆ లోటు లేదు. చంద్రాపూర్ చుట్టుపక్కల కట్టెబొగ్గు కంటే నేలబొగ్గు చవక కదా అని అడిగినవారూ ఉన్నారు. గనుల బొగ్గును ముక్కలు చేసి నీటిలో వేయడం వేరే సంగతి, అది ఎంతమాత్రం చేయకూడదు.

బావి నీటిలో ఒకటి మాత్రం బొగ్గుకూ బ్లీచింగ్‌కూ లొంగదు, అది యూరియా, పశువుల పేడ నుంచి దిగే నైట్రేట్. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటిన బావిని పసిపిల్లల తాగునీటికి వాడకూడదు. అక్కడ వాననీరే దిక్కు. మా జిల్లాలో సగటున ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా వాన పడుతుంది. 30 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఆ వానలో నష్టాలు పోను 24,000 లీటర్లు వస్తాయి. ఐదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 25 లీటర్లు చాలు. వానలు లేని ఎనిమిది నెలలకు 6,000 లీటర్లు. ట్యాంకు ఖర్చు ఒక్కటే అడ్డం.

ఇక నా విన్నపం. ఫ్లోరైడ్ గురించిన ఆ వాక్యానికి సవరణ వేయవలసిందిగా, నీటి శుద్ధిపై వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఆ పద్ధతి దేన్ని తొలగించలేదో కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టె వాడడం నేర్పించాలన్న నియమం ఉంది. ఆ పెట్టెలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంటుంది. మీ విలేకరులు ఊళ్లకు వెళ్లినప్పుడు ఆ పెట్టె ఎక్కడుందని అడిగితే చాలు. జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవేనంటున్న 14 ఊళ్లలో రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులూ ఉన్నాయని మీ పత్రికల్లోనే చదువుతుంటాము. అక్కడ పరీక్ష పెట్టెలు రెండున్నాయో, ఒక్కటీ లేదో అడగవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను.

పెట్టె దొరకని పాఠకులు నీటి నమూనాను జిల్లా ప్రయోగశాలకు ఇవ్వవచ్చు. ఆ ప్రయోగశాలల్లో ప్రజలు తెచ్చిన నీటిని కూడా నామమాత్రపు రుసుముతో పరీక్షిస్తారు. నమూనా పట్టేటప్పుడు గాజుసీసా వాడవద్దు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరింగును రెండు నిమిషాలు కొట్టి పాత నీటిని వదిలేసి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపి మూత బిగించండి. బావి నీటికి వేరే సీసా పెట్టండి. వడపోత ఇప్పటికే ఉంటే దానికి ముందు ఒకటి, తరువాత ఒకటి పట్టండి. సీసా మీద ఊరి పేరు, బోరా బావా అన్నది, తేదీ పెన్సిలుతో కాగితం మీద రాసి అంటించండి. తడికి పెన్ను రాత చెరిగిపోతుంది.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
రాజురా తాలూకా, చంద్రాపూర్ జిల్లా, మహారాష్ట్ర